గుర్రం రోజు ఎలా గడుస్తోంది?

విజయనగరంలో ఉండి ఆ రాజ్య చరిత్ర రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఒక సంగతి చెప్పాడు. సాళువ నరసింహరాయలు పరదేశపు గుర్రాలను బతికున్నా చచ్చినా ఒకే లెక్కన, వెయ్యి వరాహాలకు మూడు చొప్పున, కొనేవాడట. నడిసముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, వర్తకుడికి డబ్బు ముట్టేది. విజయనగర రాజు ఓర్మజ్ గుర్రాలు, దేశవాళీవి కలిపి ఏటా 13,000 కొంటాడని కూడా నూనిజ్ రాశాడు. అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్నవి దక్షిణాదిలో ఎంతకాలం బతికేవి? నూనిజ్ కన్నా రెండు వందల ఏళ్ళకు పైగా ముందు పాండ్య దేశం చూసిన మార్కో పోలో దానికి జవాబు రాసి పెట్టాడు. అక్కడ గుర్రాలను సాకడం తెలిసినవాళ్ళు లేరని, అన్నం, మాంసం వండి పెడతారని, అందుకే వేలల్లో దిగినవి ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోతాయని. గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళను వర్తకులు కావాలనే రానివ్వరని కూడా ఆరోపించాడు. చచ్చే కొద్దీ బేరం పెరుగుతుంది కదా.

మన దగ్గర అశ్వశాస్త్రం లేకపోలేదు. శాలిహోత్రుడి పేర, నకులుడి పేర సంస్కృత గ్రంథాలున్నాయి. జయదత్తుడి అశ్వవైద్యకం ఉంది. కౌటిల్యుడు అశ్వాధ్యక్షుడి కోసం ఒక ప్రకరణమే కేటాయించాడు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణాల మీద పద్యగ్రంథం రాశాడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో కృష్ణదేవరాయలవారు దూరదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులను ఆదరించాలని చెప్పారు. ఈ సాహిత్యంలో మేత ఉంది, వైద్యం ఉంది. అయినా ఏ సుడి ఎక్కడుంటే మంచిది, ఏ రంగు యజమానికి కలిసొస్తుంది అనే కొనుగోలుదారు చూపు అందులో బలంగా కనిపిస్తుంది. గుర్రం తన మటుకు తాను ఎలా బతకాలనుకుంటుంది అన్న ప్రశ్న మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా గట్టిగా వినపడడం మొదలై నలభై, యాభై ఏళ్ళకు మించలేదు.

సహజ పద్ధతిలో గుర్రాల పెంపకం అని ఇప్పుడు పిలుస్తున్నది ఈ ప్రశ్న నుంచే పుట్టింది. అమెరికాలో, ఐరోపాలో 1980ల తర్వాత అది ఒక ఉద్యమంలా పెరిగింది. ఒకరు లాడాలు తీసేయమన్నారు, ఒకరు కొరడా పక్కన పెట్టమన్నారు, ఇంకొకరు లాయం తలుపులు తెరిచి గుర్రాలను మందగా వదలమన్నారు. పశువైద్య పరిశోధనా అదే కాలంలో ఊపందుకుంది. ఉద్యమకారులు చెప్పినవాటిలో కొన్నింటిని అది రుజువు చేసింది, కొన్నింటిని తోసిపుచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైనది ఇది: లాడం సహజమా కాదా, మందు సహజమా కాదా అన్న వాదనల్లో పడి మనం అసలు లెక్క వదిలేస్తున్నాం. ఆ గుర్రానికి ఇరవై నాలుగు గంటలు ఎలా గడుస్తున్నాయన్నదే ఆ లెక్క.

పొట్టతో మొదలుపెడదాం, ఎందుకంటే గుర్రం రోజంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 500 కిలోల జంతువుకు పొట్ట పట్టేది 8 నుంచి 15 లీటర్లే. గుర్రం నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. మేత ఉన్నా లేకపోయినా ఆ పొట్టలో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజుకు పదహారు గంటల దాకా మేస్తూ గడపడానికి కారణం తిండిపోతుతనం కాదు, దాని దేహం అలా కట్టి ఉంది. కిలో ఎండుగడ్డి నమలడానికి దానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, కిలో ఓట్స్‌కు పది నిమిషాలు చాలు. పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ దాణా పెట్టి, మధ్యలో గుప్పెడు గడ్డి వేసి ఊరుకుంటే, పోషకాల లెక్క సరిపోవచ్చు. ఖాళీ పొట్టలో గంటల తరబడి ఆమ్లం మాత్రం లోపలి పొరను తింటూ ఉంటుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలకు ఎండోస్కోపీ చేసి చూస్తే పదింటిలో ఎనిమిది, తొమ్మిదింటికి పొట్టలో పుండ్లు కనిపించాయని వేర్వేరు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. లక్షలు పోసి కొన్న జంతువులవి.

లాయంలో నిలబడి కట్టె కొరుకుతూ గాలి మింగే గుర్రాన్ని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు ఒరుగుతూ గంటల తరబడి ఊగే గుర్రాన్ని చూసినవాళ్ళు దాన్ని చెడ్డ అలవాటంటారు. మెడకు పట్టీ బిగించి మాన్పించాలని చూస్తారు. మేత గంటలు తగ్గడం, తోడు లేకపోవడం, కదలిక లేకపోవడం, పిల్లను తల్లి నుంచి హఠాత్తుగా వేరుచేయడం వీటికి మూలాలని ఇప్పుడు బాగా తెలిసింది. మందలో బతికే అడవి గుర్రాల్లో ఈ ఊగడాలు, గాలి మింగడాలు కనిపించవు. పట్టీ బిగిస్తే లక్షణం దాగుతుంది, బాధ మిగిలే ఉంటుంది.

మేత దగ్గర మన ప్రాంతపు సంగతులు కొన్ని చెప్పుకోవాలి. జట్కా బళ్ళ కాలం నుంచి తెలుగునాట గుర్రమంటే ఉలవ గుగ్గిళ్ళే. ఉలవలో తప్పు లేదు. పచ్చివాటిలో మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు ఉడికిస్తే తగ్గుతాయి కనుక గుగ్గిళ్ళు వండడం తెలివైన పనే. గడ్డికి బదులు గుగ్గిళ్ళు అనుకున్నప్పుడే ముప్పు. పొట్ట, చిన్నపేగు అరిగించుకోలేనంత పిండిపదార్థం వెనకనున్న పెద్ద పేగులోకి జారితే అక్కడ గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవుల లోకమంతా తారుమారవుతుంది. కడుపునొప్పి వస్తుంది, ఒక్కోసారి గిట్టలు కూడా దెబ్బతింటాయి. తవుడు ఇంకో చిక్కు. అందులో భాస్వరం కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తవుడు మీదే సాకిన గుర్రం ఒంట్లో ఆ లోటు పూడ్చడానికి ఎముకల్లోంచి కాల్షియం కరిగి వస్తుంది, దవడ ఎముకలు ఉబ్బి ముఖం పెద్దదైపోతుంది. నేపియర్ గడ్డి పాడి పశువుల కోసం ఇప్పుడు ఊరూరా వేస్తున్నారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టగలవు, గుర్రానికి ఆ సదుపాయం లేదు. నేపియరూ తవుడూ కలిపి పెట్టేవాళ్ళకు ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. గరిక, ఎండుగడ్డి, కొంత లూసర్న్ కలిపి, రోజంతా కొద్దికొద్దిగా అందేలా వల సంచిలో వేలాడదీయడం ఖరీదైన దాణా కన్నా మేలు.

తోడు సంగతి మేతంత సూటిగా కనపడదు. గుర్రాలు ఒకదాని మెడ మొదలును ఒకటి పళ్ళతో గోకుతూ నిలబడడం అందరం చూసే దృశ్యమే. 1993లో వెలువడిన ఫ్రెంచి పరిశోధన ఒకటి ఆ చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని, ఇంకో చోట గోకితే తగ్గదని కొలిచి చెప్పింది. నిద్ర కూడా తోడుతో ముడిపడిందే. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది, నిజమే, కానీ గాఢమైన కలల నిద్ర దానికి పడుకుంటేనే వస్తుంది. రోజుకు అరగంట నుంచి గంట చాలు. కాపలా కాసే ఇంకో గుర్రం లేదనిపించినా, ఒళ్ళు వాల్చడానికి చోటు చాలకపోయినా అది పడుకోదు. రోజుల తరబడి అలా గడిస్తే నిలబడ్డ చోటే మోకాళ్ళ మీద కూలుతుంది. స్విట్జర్లాండ్ 2008లో తెచ్చిన జంతు సంరక్షణ నిబంధనల్లో గుర్రానికి ఇంకో గుర్రం కనపడాలి, వినపడాలి, వాసన తెలియాలి అని రాసుకుంది. తల్లిపాలు మానిన పిల్లలను రెండున్నరేళ్ళ వయసు దాకా గుంపుగానే పెంచాలంది. ఇంత స్పష్టంగా చట్టంలో రాసుకోవడం నాకు చాలా నచ్చింది.

ఇక గిట్టలు. ఈ రంగంలో గొడవంతా ఇక్కడే ఉంది. లాడాలు కొట్టే వృత్తిలో ఉన్న జైమీ జాక్సన్ అనే అమెరికన్ 1980ల తొలినాళ్ళలో పశ్చిమ అమెరికా ఎడారి పీఠభూమిలోని అడవి గుర్రాలను కొన్నేళ్ళు పరిశీలించాడు. లాడం ఎరుగని ఆ గిట్టలు పొట్టిగా, అంచులు గుండ్రంగా అరిగి, గట్టిగా ఉన్నాయి. ఆ నమూనాలో గిట్టను చెక్కి లాడం మానేయాలన్న వాదం అక్కణ్ణుంచి ఊపందుకుంది. జర్మనీలో పశువైద్యురాలు హిల్ట్రూడ్ స్ట్రాసర్ ఇంకా కఠినంగా చెప్పింది. మిషిగన్‌లో రాబర్ట్ బౌకర్ గిట్ట వెనక భాగంలోని మెత్తటి కణజాలమూ రక్తప్రసరణా కలిసి అడుగు పడ్డప్పటి అదటును ఎలా పీల్చుకుంటాయో వివరించాడు. నేలకు అంటకుండా ఇనుము మీద నిలబడ్డ గిట్టకు ఈ పని సరిగా చేతకాదని ఉద్యమకారులు దాన్నుంచి తీర్మానించారు.

తర్వాత ఆస్ట్రేలియా పరిశోధన వచ్చి కథను మార్చింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ పొలిట్, బ్రయాన్ హాంప్సన్ బృందం అక్కడి అడవి గుర్రాలైన బ్రంబీల మెడలకు జీపీఎస్ పట్టీలు కట్టింది. అవి రోజుకు సగటున 16 కిలోమీటర్లు నడిచాయి. నీళ్ళున్న చోటు నుంచి 55 కిలోమీటర్ల దూరం దాకా మేతకు వెళ్ళినవీ ఉన్నాయి. రాతి నేల మీద తిరిగేవాటి గిట్టలు ఒకలా, ఇసుక నేల మీదివి ఇంకొకలా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ గిట్టలు నిర్దోషమైనవేం కావు. లోపలి పొరలు వాచి చెడే లామినైటిస్ జాడలు అడవి గుర్రాల్లోనూ కనిపించాయి. ప్రకృతి తీర్చిన ఆదర్శ గిట్ట ఒకటుందన్న నమ్మకం అక్కడితో సడలింది. గిట్ట ఆకారం నేలను బట్టి, నడకను బట్టి వస్తుందన్న మాట మిగిలింది, అదే విలువైన మాట.

గిట్టల మీది ఈ పరిశోధనలన్నిటినీ కలిపి చదివితే మన దగ్గర జరిగే ఒక పని ఎంత అర్థం లేనిదో తెలుస్తుంది. లాడాలు పీకేసి, సహజ పద్ధతి అని పేరు పెట్టి, అదే గుర్రాన్ని ఇరవై రెండు గంటలు తడి గడ్డి పరుపు మీద నిలబెట్టడం. నడక లేనిదే గిట్ట గట్టిపడదు. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కొత్త గిట్ట పూర్తిగా దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది. లాడం మాన్పించే నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఆ ఏడాదంతా నేలనూ మేతనూ నడకనూ మార్చడానికి సిద్ధపడాలి. తారు రోడ్డు మీద రోజూ బండి లాగే గుర్రానికి లాడం తప్పదు, అక్కడ పట్టించుకోవాల్సింది లాడాన్ని గిట్టకు తగ్గట్టు వంచుతున్నారా, గిట్టనే లాడానికి తగ్గట్టు కోస్తున్నారా అన్నది. రెండోది మన దగ్గర చాలా ఎక్కువ. జాక్సన్ కూడా తర్వాత గిట్టను వదిలి ఆవరణ మీదకు వెళ్ళాడు. మైదానం మధ్యలో కాకుండా దాని చుట్టూ బాటలా కంచె వేసి, మేత ఒక చోట, నీళ్ళు ఇంకో చోట పెడితే గుర్రాలు రోజంతా తిరుగుతూ ఉంటాయన్నది ఆయన ప్రతిపాదన. ఎకరం స్థలంలో కూడా చేయొచ్చు. ఆ ఉద్యమం ఇచ్చినవాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దీన్నే.

మచ్చిక చేసే పద్ధతుల సంగతి. బలవంతంగా చేయించినదాన్ని గుర్రం అర్థం చేసుకోదని గ్రీకు సేనాని జెనోఫోన్ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే రాశాడు. 20వ శతాబ్దంలో అమెరికా పశువుల కాపరుల్లోంచి టామ్ డారెన్స్, రే హంట్ లాంటివాళ్ళు ఆ ధోరణిని మళ్ళీ తెచ్చారు. గుర్రాన్ని లొంగదీసే మొరటు పద్ధతికి బదులు దాని ఒంటి భాష చదివి, చిన్న ఒత్తిడి ఇచ్చి, అది స్పందించిన క్షణమే ఒత్తిడి తీసేయడం. మాంటీ రాబర్ట్స్ గుండ్రటి కంచెలో గుర్రాన్ని పరుగెత్తించి, చివరికి అది తనంతట తాను వెంట నడిచేలా చేసి చూపి లోకాన్ని మెప్పించాడు. మంద నాయకత్వాన్ని మనిషి అందుకున్నాడని దానికి వ్యాఖ్యానం చెప్పారు. సిడ్నీ పరిశోధకులు అదే పని రిమోట్‌తో నడిచే బొమ్మ కారుతో చేసి చూశారు. తరమడం ఆగినప్పుడు గుర్రాలు కారు దగ్గరకూ వెళ్ళాయి. గుర్రం నేర్చుకున్నది నాయకుడి మీద నమ్మకం కాదు, దగ్గరకెళ్తే తరమడం ఆగుతుందని. అందువల్ల ఆ పద్ధతి పనికిమాలినదని నేననను, కొట్టి నేర్పడం కన్నా ఎంతో మేలు. కానీ భయంతో అలసిపోయి తల వంచిన గుర్రాన్ని చూసి ప్రేమ అని మురిసిపోవడంలో ప్రమాదం ఉంది. ఏం చేసినా తప్పించుకోలేనని తెలిసి కదలడం మానేసిన గుర్రం కూడా పైకి ఎంతో సాధువుగా కనిపిస్తుంది.

గుర్రం మనల్ని చదివినంత బాగా మనం దాన్ని చదవం. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని 1904లో ఊరంతా నమ్మింది. ఆస్కార్ ఫంగ్స్ట్ పరీక్షించి, సరైన అంకె రాగానే ప్రశ్న అడిగినవాడి తల అతనికే తెలియకుండా రవ్వంత కదులుతుందని, హాన్స్ దాన్ని పట్టుకుని గిట్ట కొట్టడం ఆపుతుందని కనిపెట్టాడు. గుర్రానికి లెక్కలు రావని తేలిందని అందరూ నిరాశపడ్డారు. మనిషి తల అంత సూక్ష్మంగా కదిలినా పట్టగల జంతువు మన చేతిలో ఉందన్న విషయం మరుగున పడింది.

ఈ లోటు పూడ్చే పని గత పది, పదిహేనేళ్ళలో బాగా జరిగింది. 2014లో గుర్రం ముఖంలో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి తయారైంది. వెనక్కి బిగిసిన చెవులు, కంటి పైన ముడత, బిగపట్టిన దవడ, నాసికారంధ్రాల తీరు లాంటి ఆరు గుర్తులను చూసి అంకెలు వేస్తారు. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ సవారీలో ఉన్న గుర్రంలో గమనించాల్సిన 24 ప్రవర్తనలను జాబితా చేసింది. పది నిమిషాల్లో వాటిలో ఎనిమిదో అంతకన్నా ఎక్కువో కనిపిస్తే నొప్పి ఉన్నట్టే అనుమానించాలి. తోక విసరడం, నోరు తెరవడం, పదేపదే తల ఎగరేయడం, కాలు తడబడడం ఇందులో ఉన్నాయి. పొగరు, మొండితనం అని కొరడాతో సరిచేస్తూ వచ్చినవే ఇవన్నీ. నార్వేలో 23 గుర్రాలకు మూడు బొమ్మల పలకలు చూపించి, కంబళి కప్పు, కంబళి తీయి, ఇలాగే ఉంచు అని ముట్టెతో తాకి చెప్పడం నేర్పారు. రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. ఎండ కాసిన రోజు తీయమన్నాయి, వానలో కప్పమన్నాయి.

క్రీడారంగం ఈ మార్పుకు కష్టంగానే లొంగుతోంది. టోక్యో ఒలింపిక్స్‌లో ఆధునిక పెంటాథ్లాన్ పోటీలో బెదిరిపోయిన గుర్రాన్ని కొట్టిన దృశ్యం ప్రపంచమంతా చూసింది, 2024 పారిస్ తర్వాత ఆ పోటీలోంచి సవారీనే తీసేశారు. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021లో గుర్రం ముట్టె చుట్టూ ఉండే స్పర్శ వెంట్రుకలను గొరగడం నిషేధించింది. బ్రిటన్ పందేల్లో దూకే అడ్డంకుల మీది నారింజ రంగును తెలుపుగా మార్చారు, గుర్రం కంటికి నారింజ పచ్చదనంలో కలిసిపోతుంది కనుక. ఎప్పుడో చేయాల్సిన పనులు.

సహజం అన్న మాటను గుడ్డిగా నమ్మేవాళ్ళకు మన వాతావరణం ఒక హెచ్చరిక. జోరీగల కాటుతో రక్తంలో చేరే సర్రా జబ్బు క్రిమిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో మొదటిసారి గుర్తించాడు, అది నేటికీ మన గుర్రాలను తింటోంది. ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు అరుదు, టీకా మానేయడం నేరం. పురుగులకు వెల్లుల్లి పెడతామంటారు, వెల్లుల్లి ఎక్కువైతే గుర్రం ఎర్ర రక్తకణాలు చితికి రక్తహీనత వస్తుంది. పేడలో గుడ్లు లెక్కించి, అవసరమైన గుర్రానికే మందు పోయడం సరైన దారి. చల్లటి దేశాల జాతుల గుర్రాల్లో కొన్నింటికి మన ఉక్కపోతలో చెమట పట్టడమే ఆగిపోతుంది, అప్పుడు నీడ, గాలి, నీళ్ళు తప్ప గత్యంతరం లేదు.

ఇంతవరకు చెప్పినదంతా కొంత కలిగినవాళ్ళ గుర్రాల గురించి. బరువు మోసే గుర్రం వేరు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి 3.4 లక్షలే, 2012లో 6.25 లక్షలుండేవి. మిగిలినవాటిలో చాలావరకు ఇటుక బట్టీల దగ్గర, పెళ్ళి ఊరేగింపుల్లో, యాత్రామార్గాల్లో ఉన్నాయి. కేదార్‌నాథ్ దారిలో 2022 యాత్రాకాలంలో వందకు పైగా గుర్రాలు, కంచరగాడిదలు చనిపోయాయి. వాటి మీద ఎక్కి వెళ్ళినవాళ్ళలో మన తెలుగు యాత్రికులూ ఉంటారు. 1965 నాటి కేంద్ర నిబంధనలు తట్టువ మీద 70 కిలోలు, కంచరగాడిద మీద 200 కిలోలకు మించి మోపు వేయకూడదంటాయి. రోజుకు తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు, ముళ్ళ కళ్ళెం వాడకూడదు. బరాతు గుర్రం నోట్లో కళ్ళెం ఎలాంటిదో చూడమని పెళ్ళివారిలో ఎవరైనా అడిగారా?

విశాఖ మన్యంలో రోడ్డు లేని కొండ ఊళ్ళకు రేషను బియ్యం, సంత సరుకు ఇప్పటికీ గుర్రాల మీదే ఎక్కుతాయి. పని లేనప్పుడు కొండవాలున మేస్తూ తిరిగే ఆ పొట్టి గుర్రం మేత, తోడు, నడక అనే మూడు లెక్కల్లోనూ నగరపు లాయంలోని మేలుజాతి గుర్రం కన్నా మెరుగ్గా బతుకుతుంది. కానీ వీపు మీద మోపు ఒరుసుకున్న పుండుకు మందు అందదు, గిట్ట చెడితే చూసేవాడుండడు. డొరోతీ బ్రూక్ 1934లో కైరోలో పని గుర్రాలకు ఆసుపత్రి పెట్టినప్పుడు కనిపెట్టిన సంగతి, యజమాని బతుకును వదిలేసి గుర్రాన్ని బాగుచేయలేమన్నది, ఇక్కడా అంతే. సంత రోజున పశువైద్యుడు అక్కడుండడం, మోపు కింద వేసే బొంత సరిగా కుట్టడం నేర్పడం పెద్ద ఖర్చు పనులు కావు.

నగరాల్లో రైడింగ్ స్కూళ్ళు పెరుగుతున్నాయి. పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ఫీజు, హెల్మెట్, కోచ్ గురించి అడుగుతున్నారు. మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళి, గుర్రం ముందు గడ్డి ఉందా అని చూడండి. రోజుకు ఎన్ని గంటలు జీను, తాడు లేకుండా బయట తిరుగుతుందో, ఎవరితో తిరుగుతుందో అడగండి. లాయంలో కట్టెల అంచులు కొరికేసి ఉన్నాయేమో చూడండి. ధనుర్వాతం టీకా తేదీ అడగండి. జీను బిగించేటప్పుడు గుర్రం చెవులు ఎటు తిరుగుతున్నాయో మీ పాపకు చూపించి, ఆ తర్వాతే ఎక్కించండి.